గుండె మీది గుప్పెడు బట్ట

*పెళ్లిళ్ల సీజన్‌లో సూట్ల దుకాణాలు కిటకిటలాడుతున్నాయి. కోటుకు, టైకి, బూట్లకు రోజుల తరబడి తిరిగే మగవాళ్లు పై జేబులో పెట్టుకునే రుమాలు దగ్గరకొచ్చేసరికి పెట్టెలో ఏదుంటే దానితో సరిపెట్టుకుంటున్నారు. పాకెట్ స్క్వేర్ అని పిలుచుకునే ఆ చిన్న గుడ్డకు పెద్ద చరిత్రే ఉంది. అందులో మన చీరాలకు, పుట్టపాకకు వాటా ఉంది.*

రిసెప్షన్ ఏడింటికి. ఏడుంపావు దాటింది. హైదరాబాద్ శివార్లలో ఫంక్షన్ హాలు, మేడ మీద పెళ్లికొడుకు విడిది గది. మంచం నిండా ఖాళీ అట్టపెట్టెలు, పిన్నీసులు, మూత తీసిన అత్తరు సీసా. నేవీ బ్లూ సూటులో పెళ్లికొడుకు అద్దం ముందు నిలబడ్డాడు. పక్కనే బామ్మర్ది, చేతిలో మెరిసే ఎర్ర శాటిన్ గుడ్డ. దాన్ని కోటు పై జేబులో పెట్టాలని చూస్తుంటే వేలు కూడా లోపలికి పోవడం లేదు.

"బావా, ఇది జేబు కాదనుకుంటా. పైపైన కుట్టిన పట్టీలా ఉంది."

"షాపులో జేబనే చెప్పారు కదరా!"

కింద నుంచి ఫొటోగ్రాఫర్ రెండోసారి మనిషిని పంపాడు. అప్పుడే లోపలికొచ్చిన మేనమామ జేబు అంచును బొటనవేలితో తడిమి చూశాడు. "జేబేరా అబ్బాయ్. గుడ్డ సాగిపోకుండా దారంతో మూసి పంపుతారు. కొన్నాక మనమే విప్పుకోవాలి. బ్లేడుందా ఎవరి దగ్గరన్నా?" షేవింగ్ సెట్టులోంచి బ్లేడు వచ్చింది. కోటు గుడ్డకు తగలకుండా ఒక్కో కుట్టూ తెంపి, దారపు ముక్కల్ని గోటితో లాగేశాడు. ఎర్ర గుడ్డ లోపలికెళ్లింది. పెళ్లికొడుకు పరుగున మెట్లు దిగాడు.

స్టేజీ మీద నలుగురైదుగురు పెద్దలు వచ్చి కౌగిలించుకుని వెళ్లేసరికి ఆ గుడ్డ జేబు అడుక్కి జారిపోయింది. ఆల్బమ్‌లో సగం ఫొటోల్లో రుమాలు ఉంటుంది, సగంలో ఉండదు.

జోడీ కుదిరింది, అందం పోయింది

ఒకప్పుడు మన పెళ్లిళ్లలో సూటు ముచ్చట టైతో ముగిసేది. పై జేబులో ఉంటే గింటే ఒక పెన్ను. ఇప్పుడు పెళ్లికొడుకుతో పాటు తోడి పెళ్లికొడుకు, బామ్మర్దులు, కాలేజీ స్నేహితులు అందరూ ఒకే రంగు సూట్లలో వరుసగా నిలబడుతున్నారు. సూట్లు అద్దెకిచ్చే దుకాణాలు వీధి వీధికీ వచ్చాయి. ఫోన్‌లో చూసిన ఫొటోలాగే మన ఫొటో రావాలన్న తపన పెరిగింది. ఆ తపనకు తగ్గట్టుగా బజారులోకి వచ్చిందే సెట్టు పెట్టె. టై, రుమాలు, కఫ్‌లింకులు అన్నీ అందులోనే. టై, రుమాలు ఒకే తానులోంచి కోసినవి.

కొనేవాడికి ఇది సులువు. ఆలోచించే పని లేదు, రంగు కుదరదన్న భయం లేదు. అసలు ఇబ్బంది కూడా ఆ సులువులోనే ఉంది. టై, రుమాలు ఒకే గుడ్డ అయితే చూసేవారి కన్ను మెడ దగ్గర నుంచి జేబుకు, జేబు నుంచి మెడకు తిరుగుతుందే తప్ప మనిషి ముఖం దగ్గర ఆగదు. పైగా అవి చాలామటుకు పాలిస్టర్ శాటిన్‌వి. నునుపు ఎక్కువ, పట్టు తక్కువ. జేబులో నిలవవు. స్టేజీ దీపాల వెలుగు నేరుగా తిప్పికొడతాయి కాబట్టి ఫొటోలో ఆ చోట తెల్లటి మరక పడుతుంది. కొలత కూడా జానెడుకు మించదు. అంత చిన్న గుడ్డ జారిపోకుండా ఎలా ఉంటుంది?

అట్టకు మూడు కొసలు కుట్టేసి, నేరుగా జేబులో గుచ్చుకునే రకమూ దొరుకుతోంది. అది జారదు, నిజమే. మనిషి కదిలినా వంగినా అది మాత్రం బిగుసుకుని అలాగే ఉంటుంది. దూరం నుంచి చూసినా అట్ట అని తెలిసిపోతుంది. దాన్ని కొనవద్దనే నా సలహా.

ఇదంతా చూస్తుంటే నాకు కండువా గుర్తొస్తుంది. మన మగవాళ్లకు భుజం మీద గుడ్డ కొత్త కాదు. మా ఊళ్లలో పెద్దలు వీధిలోకి అడుగుపెట్టే ముందు కండువా విదిలించి భుజాన వేసుకునేవారు. అద్దం చూసేవారు కాదు. అది ఒకసారి ముందుకు వేలాడేది, ఒకసారి మెడ చుట్టూ చేరేది. పంచెకు అంచు ఒకలా, కండువాకు అంచు ఇంకోలా ఉన్నా తప్పు పట్టినవాళ్లు లేరు. గుడ్డను ఒంటి మీద తేలిగ్గా నిలుపుకోవడం చేతికి వచ్చిన విద్య. కోటు జేబులోని రుమాలు అడిగేదీ ఆ తేలికే. చేత్తో పెట్టుకున్నట్టు కనిపించాలి. కొలిచి అతికించినట్టు ఉండకూడదు.

ముక్కుపొడుం కాలం నుంచి

రుమాలు మొదట అలంకారం కాదు, అవసరం. ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ ఇంటి లెక్కల్లో, అంటే 14వ శతాబ్దం చివర్లోనే, రాజుగారు ముక్కు తుడుచుకోవడానికి చిన్న గుడ్డముక్కలు సిద్ధం చేసిన ప్రస్తావన ఉంది. తర్వాతి శతాబ్దాల్లో లేసు కట్టినవి, ఎంబ్రాయిడరీ చేసినవి, గుండ్రటివి, కోలగా ఉన్నవి, రకరకాల రుమాళ్లు ఐరోపా ధనవంతుల చేతుల్లో తిరిగాయి. వాటిని చతురస్రానికి కుదిర్చింది ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ అని, రాణి మారీ ఆంత్వానెత్ కోరిక మీద 1785లో ఆజ్ఞ ఇచ్చాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

ముక్కుపొడుం వాడకం పెరిగాక తెల్ల రుమాలు ఇబ్బంది పెట్టింది, మరకలు కనిపించేవి. ముదురు రంగుల్లో, గళ్లతో, అద్దకంతో ఉండే భారతీయ రుమాళ్లకు ఐరోపాలో గిరాకీ వచ్చింది అప్పుడే. బెంగాల్ పట్టు రుమాళ్లు, కోరమండల్ తీరం నుంచి పులికాట్, మచిలీపట్నం పేర్లతో నూలు రుమాళ్లు ఓడలెక్కాయి.

కోటుకు బయటివైపు పై జేబు 19వ శతాబ్దం రెండో సగంలో వాడుకలోకి వచ్చింది. అక్కడ పెట్టుకునే రుమాలు శుభ్రంగా, ఇస్త్రీ చేసి, నలుగురికీ కనిపించేలా ఉండాలనుకున్నారు. తుడుచుకునేది ప్యాంటు జేబుకు మారింది. 1924లో అమెరికాలో క్లీనెక్స్ కాగితం మొదట ముఖానికి రాసుకున్న క్రీమ్ తుడుచుకోవడానికి వచ్చింది. 1930 ప్రాంతంలో దాన్నే వాడి పారేసే రుమాలుగా అమ్మడం మొదలుపెట్టారు. అవసరం కాగితానికి వెళ్లిపోయాక, గుడ్డ రుమాలుకు మిగిలింది పై జేబే.

సినిమా దాన్ని నిలబెట్టింది. ఫ్రెడ్ ఆస్టేర్, కేరీ గ్రాంట్ తెర మీద చూపించిన నాజూకును దర్జీలు నేటికీ ఉదాహరణగా చెబుతారు. 1962లో వచ్చిన 'డాక్టర్ నో'లో షాన్ కానరీ బూడిద రంగు సూటు పై జేబులో సన్నటి తెల్ల గీతలా కనిపించేది ఉత్త తెల్ల రుమాలే. అమెరికా అధ్యక్షుడు కెనెడీదీ అదే పద్ధతి. 2007లో మొదలైన 'మ్యాడ్ మెన్' టీవీ సీరియల్ ఆ తెల్ల గీతను కొత్త తరానికి పరిచయం చేసింది.

---

బాక్స్: నైజీరియా పండుగల్లో మన గళ్లు

'రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్' పేరుతో గళ్ల నూలు గుడ్డ 18, 19 శతాబ్దాల్లో మన తీరం నుంచి పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లేది. పేరులో మద్రాస్ ఉన్నా అది నేసిన ఊళ్లలో చీరాల ప్రాంతం ఒకటి. నైజీరియాలోని కలాబరీ జనం ఈ గుడ్డను పుట్టుక నుంచి చావు దాకా ప్రతి తంతులోనూ వాడారు. కలాబరీ ఆడవాళ్లు గళ్లలోంచి కొన్ని దారాలను ఒక్కొక్కటిగా కోసి లాగేసి, అదే గుడ్డ మీద కొత్త నమూనాలు తీసేవారు.

---

చీరాలలో పుట్టి, పుట్టపాకలో నిలిచి

రుమాలు గురించి తెలుగువాడు మాట్లాడుతూ తేలియా రుమాలును వదిలేస్తే అన్యాయం. చీరాలలో పుట్టిన ఈ నేత ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక మగ్గాల మీద బతికి ఉంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టపాక నేత కళాకారుడు గజం గోవర్ధన 2011లో పద్మశ్రీ అందుకున్నారు.

నూలును నువ్వుల నూనెలో, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్లీ నానబెడతారు. రోజుల తరబడి ఇదే పని. నూనె పట్టిన నూలు ఎరుపు రంగును లోపలి దాకా తాగుతుంది. ఒంటికి చల్లగా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే నూనె వాసన సన్నగా తగులుతుంది. రంగులు మూడే. ఎరుపు, నలుపు, తెలుపు. నేయక ముందే పడుగు దారాలకూ పేక దారాలకూ లెక్క ప్రకారం కట్లు కట్టి రంగు అద్దుతారు. మగ్గం మీద ఆ రెండూ కలిసే చోట బొమ్మ తేలుతుంది. ఒక దారం జరిగిందంటే పువ్వు అంచు చెదిరిపోతుంది. పడుగూ పేకా రెంటినీ ఇలా కట్టి నేసే చోట్లు ప్రపంచంలోనే తక్కువ. మన దేశంలో గుజరాత్‌లోని పాటన్, ఆ తర్వాత మన తేలియా.

అరబ్బు దేశాల్లో తలపాగాగా కట్టారు దీన్ని. ఇక్కడ జాలరులు, పశువుల కాపరులు లుంగీగా, తలగుడ్డగా వాడారు. నిజాం కొలువులో స్త్రీలకు ఇదే దుపట్టా. 20వ శతాబ్దంలో పువ్వులు, ఏనుగుల పక్కన గడియారాలు, విమానాలు, గ్రామఫోన్లు కూడా చేరాయి. లోకంలో కొత్తగా ఏది వచ్చినా నేతగాడు దాన్ని గళ్ల లెక్కలోకి దించేశాడు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. తేలియా రుమాలును కోసి పాకెట్ స్క్వేర్ చేయించుకోవాలని ఎవరికైనా అనిపిస్తే ఆగండి. అది తలకు చుట్టుకునేంత పెద్ద గుడ్డ. నాలుగు వైపులా అంచు, నడుమ బొమ్మ కలిపి ఒకే లెక్కగా నేసినది. ముక్క చేస్తే ఆ లెక్కే పోతుంది. జేబుకు కావలసింది చిన్న గళ్లతో, సన్నటి నూలుతోనో పట్టుతోనో నేసిన ఇక్కత్. పోచంపల్లి, పుట్టపాక ప్రాంతాల్లో పట్టు ఇక్కత్ మీటర్ల లెక్కన దొరుకుతుంది. అర మీటరు తీసుకుంటే ఒక మంచి రుమాలు వస్తుంది.

ఆ అర మీటరు వెనుక ఎంత చాకిరీ ఉందో తెలియాలంటే ఆసు చూడాలి. పేక దారాన్ని కట్లు కట్టడానికి ముందు అర్ధచంద్రాకారంలో పాతిన మేకుల చుట్టూ చేత్తో తిప్పుతారు. ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఇళ్లలో ఈ పని ఆడవాళ్లదే. భుజం నొప్పితో తల్లి పడే బాధ చూడలేక ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పెళ్లికి లక్షలు ఖర్చు పెట్టే ఇంట్లో గుండెల మీద పెట్టుకునే గుడ్డ ఇలాంటి చేతుల్లోంచి రావాలని కోరుకోవడం పెద్ద కోరిక కాదు.

ముందుగా తెల్లది

అయినా మొదటి రుమాలు ఇక్కత్ కాకూడదు. తెల్లది కొనండి. నూలుదైనా సరే, లినెన్‌దైనా సరే. నేవీ, బూడిద, నలుపు, గోధుమ, ఏ రంగు కోటుకైనా కుదురుతుంది. ఇంటర్వ్యూకి, కాన్వొకేషన్‌కి, ఆఫీసు విందుకి, సంతాప సభకి కూడా అదొక్కటే సరిపోతుంది. టక్సిడో వేసుకుంటే తెల్లదే సంప్రదాయం. ఇంటర్వ్యూలో అది కూడా ఎక్కువవుతుందని అనిపిస్తే జేబు ఖాళీగా వదిలేయండి, తప్పేమీ లేదు.

రెండోది రంగుది. ఇక్కడే చాలామంది తడబడతారు. టై రంగునే వెతక్కండి. టై మీద సన్నటి చారో చుక్కో ఏ రంగులో ఉందో చూడండి, రుమాలులో ఆ రంగు ఎక్కడో ఒక మూల ఉంటే చాలు. మెరూన్ టై మీద లేత నీలి చుక్కలుంటే నీలం ఎక్కువగా ఉన్న రుమాలు పెట్టండి. గుడ్డలో కూడా తేడా ఉండాలి. మెరిసే పట్టు టైకి మెరుపులేని లినెన్ రుమాలు, ఉన్ని టైకి పట్టు రుమాలు బాగుంటాయి.

రిసెప్షన్‌లో ఇంకో లెక్క ఉంది. పెళ్లికూతురు చీర. ఈమధ్య చీర మీది రంగునే యథాతథంగా రుమాలుకు దించుతున్నారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నప్పుడు ఆ ముక్క చీరలోంచి కోసినట్టుంటుంది. చీర ఒంటి రంగు వదిలేసి అంచు రంగు తీసుకోండి. ఆకుపచ్చ చీరకు వంకాయ రంగు అంచు ఉంటే ఆ వంకాయ రంగు ఛాయ రుమాలులో కనిపిస్తే చాలు. ఈ ఒక్క సలహా పాటించినా పెళ్లి ఫొటో మారిపోతుంది.

బంద్‌గలా వేసుకునేవారికి టై బాధ లేదు కాబట్టి రంగు విషయంలో కాస్త చొరవ తీసుకోవచ్చు. ఇక్కత్ అందానికి అదే సరైన చోటు. జరీ పని నిండా ఉన్న షేర్వాణీకి మాత్రం రుమాలు వద్దు. ముహూర్తం వేళ పంచె, కండువా ఉంటాయి, అక్కడ దీని ప్రసక్తే లేదు. కోటు కాలర్‌కు పువ్వు పెట్టుకుంటే రుమాలును తెల్లటి సన్న గీతకు పరిమితం చేయండి.

---

బాక్స్: పొందూరు తెలుపు

తెల్ల రుమాలు కొనాలనుకుంటే శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరును ఒకసారి చూడండి. పత్తిలోని చెత్తను, పొట్టి పీచును తీయడానికి అక్కడి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా వాడతారు. చేత్తో వడికే సన్న నూలు నూరో కౌంటు దాకా వెళుతుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే మడత కత్తిలా నిలుస్తుంది. గాంధీజీ మెచ్చిన ఖద్దరు ఇది.

---

మడతలో ఉంది కిటుకు

మడతల పేరుతో వీడియోలు బోలెడు. నిజానికి రెండు చేతనైతే జీవితమంతా గడిచిపోతుంది.

మొదటిది తిన్నటి మడత. నూలు, లినెన్ రుమాళ్లకు. కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయాలి. సగానికి మడిచి, మళ్లీ జేబు వెడల్పు కంటే కొద్దిగా తక్కువ వచ్చేలా మడవాలి. జేబు వెడల్పు సాధారణంగా 10 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కింది భాగాన్ని పైకి మడిచి జేబులో పెట్టాక సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర బయటికి కనిపించాలి. మడిచిన వైపు పైకి ఉండాలి, విడి అంచులు లోపలికి పోవాలి. ఆ గీత జేబు అంచుకు సమాంతరంగా ఉంటే పనైపోయినట్టే.

రెండోది ఉబ్బు మడత. పట్టు రుమాలుకు ఇదే తగినది. గుడ్డను పరిచి నట్టనడుమ మూడు వేళ్లతో పట్టుకుని పైకి లేపండి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు ఉంగరంలా చుట్టి, పైనుంచి సగం దాకా మెల్లగా జార్చండి. పైన చిన్న బుడగ మిగులుతుంది. కింద వేలాడే కొసల్ని వెనక్కి మడిచి మొత్తం జేబులో దించండి. తర్వాత వేలితో ఒకసారి సర్ది వదిలేయండి. ఎక్కువ సర్దితే చెడుతుంది. కొసలు పైకి వచ్చేలా తిప్పి పెట్టుకోవడమూ ఉంది. సరదా విందులకు అది బాగుంటుంది.

జారిపోయే సమస్యకు పాత దర్జీల చిట్కా ఒకటి ఉంది. మామూలు నూలు రుమాలును మడిచి ముందు జేబు అడుగున పెట్టండి. పట్టు రుమాలు దాని మీద కూర్చుంటుంది. కొలత కూడా చూసుకోవాలి. పట్టుదైతే ప్రతి వైపూ కనీసం 30 నుంచి 33 సెంటీమీటర్లు. 40 ఉంటే ఇంకా మేలు. మందమైన నూలు అంత పెద్దదైతే జేబు గుండె మీద గడ్డలా లేస్తుంది.

చెమట తుడుచుకోవడానికి ప్యాంటు జేబులో వేరే రుమాలు తప్పనిసరి. మే నెల ముహూర్తాలకు రెండు పెట్టుకోండి. అప్పగింతల వేళ ఆడపిల్ల తండ్రి పక్కన నిలబడేవారి దగ్గర ఉతికిన నూలు రుమాలు ఒకటి అదనంగా ఉంటే బాగుంటుంది. ఆయన తనది మరిచిపోయి ఉంటాడు.

అంచు చూసి కొనండి

మంచి రుమాలును ఒక్క చూపులో పోల్చుకోవాలంటే అంచు చూడాలి. మెషీన్ కుట్టుది బల్లపరుపుగా, గీత కొట్టినట్టు ఉంటుంది. చేత్తో చుట్టి కుట్టినదైతే అంచు సన్నటి తాడులా గుండ్రంగా లేచి ఉంటుంది. వేలు పోనిస్తే చిన్న చిన్న మిట్టపల్లాలు తెలుస్తాయి. పట్టు ఉబ్బు మడతకు ఆ గుండ్రటి అంచే నిలకడ ఇస్తుంది. ఇటలీలోని కోమో పట్టు రుమాళ్ల ఖరీదులో ఈ చేతిపనికి పెద్ద వాటా ఉంటుంది.

మనకు కోమో దాకా వెళ్లే అవసరం లేదు. చీరలకు ఫాల్స్, పికో కుట్టే దుకాణం లేని బజారు తెలుగునాట లేదు. పికో మెషీన్ అంచు వద్దని ముందే చెప్పండి. చేతికుట్టు తెలిసిన అక్కల్ని అడిగి, గుడ్డను వేళ్లతో సన్నగా చుట్టి, కుట్టు కనిపించకుండా దగ్గర దగ్గరగా వేయమనండి. దారం గుడ్డ రంగులోనే ఉండాలి. మూలల దగ్గర తొందర పడవద్దని చెప్పండి, చాలా రుమాళ్లు పాడయ్యేది అక్కడే. ఆమె అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. ఇంటికి తెచ్చాక గుడ్డ నడుమ భాగాన్నే ఇస్త్రీ చేయండి, అంచు మీదికి ఇస్త్రీ పెట్టె పోనివ్వొద్దు. అత్తరు గుడ్డ మీద చల్లకండి, పట్టు మీద ఆ మరక పోదు. కుంకుమ పడితే తడిచేత్తో రుద్దకుండా ముందు విదిలించి రాల్చేయండి. మడత పెట్టి బీరువాలో ఉంచితే గీతలు పడతాయి కాబట్టి ఏదైనా కాగితపు గొట్టానికి చుట్టి దాచండి.